ఫిబ్రవరి 2027 జనగణన: మండల ప్లాన్‌లో పంచాయతీలకు ఏ పని అప్పగించాలి, ఏది అప్పగించకూడదు?

స్టాట్స్_సెక్షన్ (ప్రశ్న)

రెండో దశకు, అంటే ఫిబ్రవరిలో జరిగే జనాభా లెక్కింపుకు, మండల ప్లాన్ కాగితం మీద పెడుతున్నాం. ములుగు వైపు అటవీ మండలం. చార్జి అధికారి, అంటే మండలంలో లెక్కకు బాధ్యుడు, తహసీల్దారే అయినా ఊళ్లో రోజూ తిరిగేది పంచాయతీవాళ్లు: కార్యదర్శి, కారోబార్, అంగన్‌వాడీ టీచర్, ఆశా. వీళ్ల చేతిలో ఎంత పెట్టాలన్నదే తెగడం లేదు.

లెక్క కోసం జనాభా ఇప్పుడు 48 వేలు అనుకోండి. రెవెన్యూ గ్రామాలు 19, పంచాయతీలు 31. వాటిలో తండాలు, గూడేలు కొన్ని 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత విడిపోయినవి. అక్కడి సర్పంచులు "మా పంచాయతీ లెక్క మాకు విడిగా రావాలె" అంటున్నారు. బ్లాకులు (ఒక్కో గణకుడు లెక్కించే భాగాలు) పంచాయతీ ప్రకారం కోయొచ్చా? ఎంతమంది గణకులు, రిజర్వు ఎంత? పంచాయతీల నుంచి రాతపూర్వకంగా ఏం తీసుకోవాలి? ఫిబ్రవరిలో మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కూలీల సంగతి కూడా చెప్పండి. ఇది తెలిసినవాళ్లు తక్కువ, ఊహించి చెప్పేవాళ్లు ఎక్కువ.

చార్జి_రిజిస్టర్

పల్లెల్లో జనగణన యూనిట్ రెవెన్యూ గ్రామం, పంచాయతీ కాదు. ఏ బ్లాకూ రెవెన్యూ గ్రామం పొలిమేర దాటకూడదు. తండా పంచాయతీ అయినంత మాత్రాన కొత్త రెవెన్యూ గ్రామం పుట్టదు. విడిగా నోటిఫై అయితే తప్ప అది తల్లి గ్రామం కింద ఆవాసంగానే చార్జి రిజిస్టర్‌లో (మండలంలోని గ్రామాలు, బ్లాకుల జాబితాలో) ఉంటుంది. పైగా 2025 డిసెంబరు 31తో హద్దులు ఫ్రీజ్ అయ్యాయి. ఆ తర్వాత ఏం మారినా ఈ లెక్కలో పాత హద్దే.

అయితే సర్పంచుల కోరిక పూర్తిగా కొట్టిపారేయాల్సింది కాదు. తండాను మధ్యలో విరవకుండా పూర్తి బ్లాకు లేదా పూర్తి బ్లాకులుగా కోస్తే, రేపు పైనుంచి ఆవాసాల వారీగా లెక్క అడిగినా తీయడానికి వీలుంటుంది. ఊళ్లో సగం, తండాలో సగం కలిపి ఒక బ్లాకు చేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

అసలు తలనొప్పి రెండు గ్రామాల శివారు మీద కూర్చున్న తండా. పంచాయతీ ఒక్కటే, భూమి రెండు గ్రామాలది. 140 ఇళ్లలో 95 ఒక గ్రామం సర్వే నంబర్లలో, 45 పక్క గ్రామం సర్వే నంబర్లలో ఉన్నాయనుకోండి. 95 ఇళ్లు ఒక బ్లాకు. 45 ఇళ్లు పక్క గ్రామం బ్లాకులో కలుస్తాయి, అక్కడి గణకుడే వచ్చి రాసుకోవాలి. ఇది ముందే తేల్చకపోతే రెండింటిలో ఒకటి ఖాయం. ఇద్దరు గణకులూ తండా మొత్తం రాస్తారు, లేదా "అది వాళ్లది" అని ఇద్దరూ వదిలేస్తారు. మొదటిదైతే రెండోసారి అడిగినప్పుడు ఇంటివాళ్లే చెబుతారు. రెండోది ఎవరూ చెప్పరు, పక్క గ్రామం జనాభా 2011 కంటే తగ్గిందని టేబుల్ వచ్చాకే బయటపడుతుంది.

ఇలాంటి చోట్ల పంచాయతీ కార్యదర్శి, మండల సర్వేయర్, గ్రామ పాలన అధికారి, సూపర్‌వైజర్ నలుగురూ కలిసి ఒకసారి గట్టు వెంట నడవాలి. వీఆర్‌ఓ (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థ 2020లో పోయింది కాబట్టి పొలిమేర నోటికి తెలిసిన మనిషి ఇప్పుడు ఆఫీసులో దొరక్కపోవచ్చు. పాత సుంకరి కుటుంబంలో పెద్దమనిషి ఉంటే వెంట తీసుకుపోండి. హద్దు గుర్తులుగా కల్వర్టు, వాటర్ ట్యాంకు, వాగు, కాలువ, ట్రాన్స్‌ఫార్మర్ మీది నంబరు రాయండి. "మల్లయ్య ఇంటి పక్క సందు" అని రాస్తే కొత్తగా వచ్చిన గణకుడికి ఏమీ తెలియదు.

కోడ్‌ల విషయంలో ఒక హెచ్చరిక. లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో గ్రామానికి ఒక కోడ్, పంచాయతీకి వేరే కోడ్ ఉంటాయి. పేరు ఒకటే కావడంతో పంచాయతీ కోడ్ తెచ్చి గ్రామం గడిలో వేసే తప్పు చాలాచోట్ల జరుగుతుంది. పోల్చడానికి 2011 పట్టిక తీస్తే అందులో మీ మండలం పాత వరంగల్ జిల్లాలో కనిపిస్తుంది. అప్పుడు ఆ ఒక్క జిల్లా జనాభా 35,12,576. ఇప్పుడది ప్రధానంగా ఆరు జిల్లాల్లో పరుచుకుంది. 2016లో మండలాలు కూడా మారాయి కాబట్టి మండలం మొత్తాలు పోల్చకండి, గ్రామం గ్రామం పోల్చండి.

బేచిరాగ్ గ్రామాలను తీసేయకండి. జనం లేకపోయినా రిజిస్టర్‌లో వరుస ఉండాలి, మనిషి పోయి చూసి "ఎవరూ లేరు" అని రాయాలి. పాత రికార్డులో దీపం లేని ఊరు కదా అని వదిలేస్తే, తీరా అక్కడ కోళ్లఫారం కట్టి రెండు కాపలా కుటుంబాలు ఉంటాయి.

ఇక మనుషుల లెక్క. బ్లాకుకు సుమారు 700 నుంచి 800 మంది. 48 వేలను 750తో భాగిస్తే 64 వస్తుంది, అది చూసి సంతోషపడొద్దు. ప్రతి గ్రామంలో చివరి ముక్క విడి బ్లాకు అవుతుంది, వాగు అవతలి గూడెం చిన్నదైనా కొన్నిసార్లు విడిగా ఇవ్వాల్సి వస్తుంది. 19 గ్రామాలకు కలిపి పది దాకా పెరుగుతాయి. 74 అనుకోండి. ఆరుగురు గణకులకు ఒక సూపర్‌వైజర్ చొప్పున 13. రిజర్వు పది శాతం: గణకులు 8, సూపర్‌వైజర్లు 2. మొత్తం 97 మంది. నలభైకి మించని బ్యాచ్‌లుగా అంటే మూడు బ్యాచ్‌ల శిక్షణ. రిజర్వువాళ్లకు కూడా అదే శిక్షణ, అదే రోజు. పేరు జాబితాలో ఉండి శిక్షణ లేని రిజర్వు, రిజర్వు లేనట్టే.

కార్యదర్శి_డైరీ

పంచాయతీ వైపు నుంచి చెబుతా. మమ్మల్ని "సహకరించండి" అని అడిగితే పెద్దగా ఏమీ జరగదు. ఇది కావాలి, ఈ తారీఖుకు కావాలి అని కాగితం ఇస్తే జరుగుతుంది. స్థానిక సంస్థలు సిబ్బందిని ఇవ్వాలనడానికి జనగణన చట్టం 1948లో సెక్షన్ 4ఎ ఉంది, రాతపూర్వక ఆదేశంతోనే. ఆ ఆదేశం కలెక్టర్ ఆఫీసు నుంచి డీపీఓ (జిల్లా పంచాయతీ అధికారి) ద్వారా వచ్చేలా చూసుకోండి. తహసీల్దార్ నేరుగా కార్యదర్శిని పిలిస్తే ఎంపీడీఓ అదే రోజు వేరే పని మీద పిలుస్తారు. ఆ ఇద్దరి మధ్య నలిగే మనిషితో మీకు పని కాదు.

మా నుంచి తీసుకోవాల్సిన ముఖ్యమైన కాగితం ఆవాసాల జాబితా. పంచాయతీ పరిధిలో ఎన్ని వాడలు, తండాలు, గూడేలు, బావుల కాడి ఇళ్లు, క్వారీ షెడ్లు, కోళ్లఫారాలు, గుడి సత్రాలు, హాస్టళ్లు ఉన్నాయి, ఒక్కోదాంట్లో సుమారు ఎన్ని కుటుంబాలు, ఏ దారిన పోవాలి. కింద కార్యదర్శి సంతకం, పక్కన అంగన్‌వాడీ టీచర్ సంతకం. ఆమె సంతకం ఎందుకంటే బాలింతలు, పసిపిల్లలు ఏ గుడిసెలో ఉన్నారో మాకంటే ఆమెకే తెలుసు. వయసు ఏడాది లోపు పిల్లలు జనాభా లెక్కల్లో తప్పిపోవడం మామూలే. "ఇంకా పేరు పెట్టలేదు" అని ఇంటివాళ్లే చెప్పరు.

పొరపాటున కూడా చేయకూడని పని, ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టర్‌ను ఇళ్ల జాబితాగా వాడడం. మా రిజిస్టర్‌లో ఇంటి నంబరు 5-34 అని ఒకటే ఉంటుంది. లోపల అన్నదమ్ములు వేరుపడి ముగ్గురు మూడు పొయ్యిలు పెట్టుకుంటారు. జనగణనకు కుటుంబం అంటే ఒకే వంటగదిలో తినేవాళ్లు, కాబట్టి అవి మూడు కుటుంబాలు. మరోవైపు పన్ను వేయని పూరి గుడిసెలు మా రిజిస్టర్‌లో ఉండవు. రిజిస్టర్ చూసి రాసిన లెక్క ఇటు తక్కువా అవుతుంది, అటు తప్పూ అవుతుంది.

సరిచూసుకోవడానికి మాత్రం కరెంటు సంస్థ టీజీఎన్‌పీడీసీఎల్ లైన్‌మన్ దగ్గర గృహ సర్వీసుల సంఖ్య ఊరి వారీగా అడగండి. గృహ మీటర్లు 410 ఉండి, మీ కుటుంబాలు 330 దగ్గర ఆగితే ఏదో వాడ పోయినట్టే. సరిగ్గా సమానం కావాలని లేదు, తాళం వేసిన ఇళ్లకూ మీటరు ఉంటుంది. తేడా ఎక్కడ ఎక్కువో అక్కడికి సూపర్‌వైజర్‌ను పంపడానికి పనికొస్తుంది.

చాటింపు మా పని, మాకు వదిలేయండి. డప్పు ఒక్కరోజు కాదు, గణకుడు ఏ వాడకు వస్తాడో దానికి ముందురోజు సాయంత్రం. మిర్చి, పత్తి కూలీకి పోయేవాళ్లు పొద్దున ఏడుకల్లా ఆటో ఎక్కుతారు. కాబట్టి పొద్దున 6 నుంచి 8, సాయంత్రం 6 తర్వాత. పగలు పదకొండుకు తండాకు పోతే ముసలివాళ్లు, తాళాలు తప్ప ఏమీ దొరకవు. ఇంకో మాట: 2027లో మేడారం పెద్ద జాతర లేదు గానీ నడిమి ఏడు కాబట్టి మాఘ పౌర్ణమి దగ్గర మండమెలిగే పండుగ ఉంటుంది. తాడ్వాయి, ఏటూరునాగారం పక్కల ఆ నాలుగు రోజులు ప్లాన్‌లో ఖాళీగా పెట్టండి. పౌర్ణమి ఫిబ్రవరి 20న.

పెద్దపల్లి_పంతులు

కూలీల ప్రశ్నకు. మీకు మిర్చి కల్లాలు, మాకు ఇటుక బట్టీలు, నియమం ఒకటే. 2011లో లెక్కింపు ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా, మార్చి 1 నుంచి 5 దాకా రివిజన్ రౌండ్, అంటే మళ్లీ తిరిగి సరిచూడడం. ఆ మొత్తం కాలం సొంత ఊరికి దూరంగా ఉన్నవాళ్లను, వేరే చోట రాయించుకోలేదని రూఢి చేసుకుని, దొరికిన చోటే రాశారు. ఈసారి రెఫరెన్స్ సమయం, అంటే ఏ క్షణానికి ఉన్న జనాభాను లెక్కలోకి తీసుకుంటారో అది, 2027 మార్చి 1, అర్ధరాత్రి 00:00. తారీఖులకు కొత్త మాన్యువల్ చూసుకోండి, తర్కం మాత్రం ఇదే.

ఒడిశా నుంచి వచ్చే బట్టీ కూలీలు దసరా, దీపావళి తర్వాత వచ్చి ఎండాకాలం దాకా ఉంటారు. ఫిబ్రవరి అంతా ఇక్కడే, కాబట్టి ఇక్కడే లెక్క. మిర్చి కూలీలు అలా కాదు. ఒక చేను అయిపోగానే ఇంకో ఊరికి కదులుతారు, కొందరు పదిహేను రోజులకే వెనక్కి పోతారు. అందుకే "ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు పోతారు, మీ ఊళ్లో ఎవరైనా మీ పేరు రాయించారా" ఈ మూడు అడగాలి. ఊళ్లో ముసలి తల్లిదండ్రులు ఉంటే అక్కడ పేర్లు పడే అవకాశం ఎక్కువ.

బట్టీ యజమాని రిజిస్టర్ నమ్మొద్దు. అతను జతలు (పనిచేసే జోడీలు) లెక్కపెడతాడు, పిల్లల్ని లెక్కపెట్టడు. కూలీల సంఖ్య తక్కువ చూపడానికి అతని కారణాలు అతనికి ఉంటాయి. పోయేముందు పంచాయతీ నుంచి బట్టీల జాబితా, కూలీల్లో తెలుగు వచ్చిన మేస్త్రీ ఎవరో అడిగి పెట్టుకోండి. పొయ్యిలు వెలిగే వేళ పోతే కుటుంబాలు లెక్కపెట్టడం తేలిక.

దీనికి తిరగేసిన చిక్కు జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు. కొడుకు దుబాయ్‌లో ఉంటాడు, తల్లి "రాయి బిడ్డా, ఆధార్ ఉంది, ఓటు ఉంది" అంటుంది. లెక్కింపు కాలమంతా దేశం బయట ఉన్నవాళ్లను రాయకూడదు. రేషన్ కార్డు చూసి పేర్లు దింపుకునే గణకుడు ఇక్కడే దొరికిపోతాడు. సూపర్‌వైజర్ బ్లాకుకు ఐదారు ఇళ్లు మళ్లీ తట్టి "నిన్న రాత్రి ఇంట్లో ఎవరెవరు తిన్నారు" అని అడిగితే చాలు, కార్డు చూసి రాసిందేదో తెలిసిపోతుంది.

ఇంకోటి, మిడ్ మానేరు ముంపు గ్రామాలవాళ్లు గమనించాలి. పాత ఊరు నీళ్లలో ఉన్నా కోడ్ ఉంటుంది, జనం వేరే గ్రామం నేల మీద పునరావాస కాలనీలో ఉంటారు. కాలనీకి పాత ఊరి పేరే పెట్టుకున్నారు కదా అని పాత కోడ్‌లో రాస్తే చెరువులో జనాభా తేలుతుంది.

టౌన్_చార్జి

ఇది పల్లె ప్రశ్నే అయినా వరంగల్ నగరం నుంచి చదివేవాళ్లు ఉంటారు కాబట్టి కొంచెం. కార్పొరేషన్‌లో ప్రిన్సిపల్ సెన్సస్ అధికారి కమిషనర్. గ్రేటర్ వరంగల్‌లో 66 డివిజన్లు, కానీ నగరం రెండు జిల్లాల్లో ఉంది: ఖిలా వరంగల్, వరంగల్ మండలాలు ఒకవైపు, హనుమకొండ, కాజీపేట మరోవైపు. బ్లాకు డివిజన్ గీతా దాటకూడదు, జిల్లా గీతా దాటకూడదు. వార్డు ఆఫీసర్ చేతిలో ఉండేది డివిజన్ మ్యాప్ ఒక్కటే. దాని మీద జిల్లా గీత ముందే గీసి ఇవ్వండి.

నయీంనగర్ వైపు కోచింగ్ హాస్టళ్లు, ఎన్‌ఐటీ, కాకతీయ యూనివర్సిటీ హాస్టళ్లు సంస్థాగత కుటుంబాలు, అంటే బంధుత్వం లేకుండా ఒక సంస్థలో కలిసి ఉండేవాళ్లు. వీటికి గణకుడు ఒంటరిగా పోతే వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేస్తాడు. వార్డెన్‌కు ముందు ఉత్తరం పోవాలి. ఇంటర్ ప్రాక్టికల్స్ ఫిబ్రవరిలోనే ఉంటాయి, జూనియర్ లెక్చరర్లను గణకులుగా వేసుకుంటే మధ్యలో వదిలిపోతారు. మండిబజార్ లాంటి చోట్ల రంజాన్ మాసం కూడా ఫిబ్రవరిలోనే పడుతుంది. ఇఫ్తార్ ముందు గంట తలుపు తట్టొద్దు, అసర్ (సాయంత్రం పూట) నమాజుకు ముందు వెళ్లండి.

ఫిబ్రవరి 28 రాత్రి ఇల్లు లేనివాళ్ల లెక్క. ఈసారి అది ఆదివారం. వరంగల్ స్టేషన్, కాజీపేట జంక్షన్, బస్టాండ్లు, భద్రకాళి గుడి దారి, ఫ్లైఓవర్ కింద ముందే రెండు మూడు రాత్రులు తిరిగి ఎక్కడెక్కడ పడుకుంటున్నారో చోట్ల జాబితా చేసుకోవాలి. ఆ రాత్రి వెతకడం మొదలుపెడితే అయిపోదు. బృందంలో బీట్ కానిస్టేబుల్, మున్సిపల్ పారిశుద్ధ్య జవాన్ ఉండాలి. చోట్లు తెలిసింది జవానుకే.

ఎనుమాముల మార్కెట్ దగ్గర మాత్రం జాగ్రత్త. మిర్చి సీజన్, సోమవారం వేలం కోసం ఆదివారం రాత్రే రైతులు బస్తాలు దింపి వాటి మీదే పడుకుంటారు. వందల మంది ఆరుబయట కనిపిస్తారు, వాళ్లు ఇల్లు లేనివాళ్లు కాదు. వాళ్ల ఊళ్లో లెక్కయ్యే ఉంటారు. అదే యార్డు గోడ పక్కన ఏడాదంతా ఉండే కుటుంబాలు వేరు. "ఈ రాత్రి ఎక్కడ పడుకున్నారు" అన్న ప్రశ్న ఇక్కడ సరిపోదు, "రోజూ ఎక్కడ పడుకుంటారు" అని అడగాలి.

స్టాట్స్_సెక్షన్

చాలా పనికొచ్చింది. ఇంకా రెండు. అడవి లోపల గొత్తికోయ గూడేలు ఉన్నాయి, ఫారెస్టువాళ్లు వాటిని ఆవాసాలుగా ఒప్పుకోరు. జాబితాలో పెట్టాలా? రెండోది, సర్పంచులు కొందరు "రాసింది ఒకసారి మాకు చూపించండి, తప్పులుంటే చెబుతాం" అంటున్నారు. కులం కూడా రాస్తున్నాం కాబట్టి ఒత్తిడి ఉంది.

చార్జి_రిజిస్టర్

గూడేలు పెట్టాలి. లెక్క మనుషులది, పట్టాది కాదు. మనిషి ఉన్నాడని రాస్తే భూమి మీద హక్కు రాదు, రాయకపోతే మనిషి మాయమూ కాడు. రిజర్వ్ ఫారెస్టు ఏ రెవెన్యూ గ్రామంలోకీ రాకపోతే చార్జి రిజిస్టర్‌లో ఆ అటవీ ప్రాంతానికి విడి వరుస ఉందో లేదో చూడండి. లేకపోతే జిల్లా జనగణన అధికారి ద్వారా జనగణన డైరెక్టరేట్‌కు ఇప్పుడే రాయండి. ఫిబ్రవరిలో రాస్తే జవాబు వచ్చేసరికి లెక్క ముగుస్తుంది.

పోయేటప్పుడు బీట్ ఆఫీసర్‌ను వెంట తీసుకుపోవద్దు. యూనిఫాం కనిపిస్తే గూడెం ఖాళీ అవుతుంది. ఆశా, అంగన్‌వాడీ టీచర్, లేదా ఏటూరునాగారం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆశ్రమ పాఠశాలలో కోయ భాష వచ్చిన టీచర్ ఒకరు చాలు. మాతృభాష గడిలో వాళ్లు చెప్పిందే రాయాలి. తెలుగులో మాట్లాడారు కదా అని "తెలుగు" వేయకూడదు. లంబాడి తండాల్లోనూ ఈ తప్పే జరుగుతుంది.

సర్పంచులకు చూపడం కుదరదు. సెక్షన్ 15 ప్రకారం జనగణన రికార్డు ఎవరూ తనిఖీ చేయడానికి లేదు, కోర్టులో సాక్ష్యంగా కూడా పనికిరాదు. సమాచారం బయటపెట్టిన గణకుడి మీద సెక్షన్ 11 ఉంది. వాళ్లకు చూపించగలిగింది ఒక్కటే: ఏ ఆవాసం ఏ బ్లాకులో ఉంది, గణకుడి పేరు ఏమిటి, ఏ రోజు వస్తాడు. ఇది గోడ మీద అంటించండి, తప్పిపోయిన వాడ ఉంటే సర్పంచే పట్టుకుంటాడు. ఇంటి వివరం మాత్రం ఇంటి గడపలోనే అడగాలి, రచ్చకట్ట మీద కాదు. కులం ఇంటివాళ్లు చెప్పిందే, పక్కన నిలబడ్డ పెద్దమనిషి దిద్దింది కాదు. ఆడవాళ్లు భర్త పేరు చెప్పడానికి ఇష్టపడకపోతే బలవంతం చేయకూడదని చట్టంలోనే, సెక్షన్ 8లో ఉంది. ఇంకెవరితోనైనా చెప్పించుకోవచ్చు.

కార్యదర్శి_డైరీ

సెల్ఫ్ ఎన్యూమరేషన్ (ఇంటివాళ్లే ఆన్‌లైన్‌లో వివరాలు నింపుకోవడం) గురించి ఒకటి కలుపుతా. పంచాయతీ ఆఫీసు కంప్యూటర్ దగ్గర కూర్చుని ఊరందరివీ ఒక్కడే నింపేద్దాం అనే ఉత్సాహం మా వాళ్లలో ఉంటుంది, శాతం చూపించుకోవచ్చని. ఆపండి. రేషన్ డేటా చూసి నింపితే పైన పంతులు గారు చెప్పిన దుబాయ్ తప్పే కుప్పలుగా వస్తుంది. ఇంటివాళ్లే నింపుకోవాలి, వచ్చిన ఐడీ నంబరు రాసిపెట్టుకుని గణకుడికి ఇవ్వాలి. ఆ నంబరు పోగొట్టుకుంటే గణకుడికి మళ్లీ మొదటి నుంచీ పని.

పెద్దపల్లి_పంతులు

ఫోన్ల మీద కూడా ఒక లైను. గణకుడి సొంత ఫోన్లోనే జనగణన యాప్ కాబట్టి శిక్షణ రోజే ప్రతి ఒక్కరి ఫోన్లో లాగిన్ చేయించండి. మెమరీ నిండిన ఫోన్లు, పాత ఆండ్రాయిడ్ అక్కడే తేలిపోతాయి. సిగ్నల్ లేని గూడేల్లో రాసింది ఫోన్లోనే ఉంటుంది, సింక్ అయ్యేదాకా అది పైకి చేరనట్టే. ఆ గణకులకు రోజు విడిచి రోజు సిగ్నల్ ఉన్న ఊరికి వచ్చి సింక్ చేసే వేళ ప్లాన్‌లోనే రాయండి, సూపర్‌వైజర్ ఆ రోజు బ్లాకు వారీగా కుటుంబాల సంఖ్య నోట్ చేసుకోవాలి. యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయొద్దని శిక్షణలో గట్టిగా చెప్పండి. స్లో అయిందని మొదట చేసే పని అదే, సింక్ కాని ఇళ్లన్నీ దాంతో పోతాయి.